గీత పక్కన పొడి సంతకం

గల్ఫ్‌లో ఖోర్ ఫక్కాన్ రేవులో పదిహేనేళ్ళుగా నేను చేసే పని పెట్టెలు లెక్కపెట్టడం. కంటైనర్ తలుపు తెరుస్తారు, కూలీలు ఒక్కో పెట్టె దించుతారు, నేను టాలీ షీట్ మీద నాలుగు నిలువు గీతలు గీసి ఐదోది అడ్డంగా కొడతాను. ఆ కాగితానికి ఒకటే నియమం. చెరపకూడదు. అంకె తప్పు పడితే దాని మీద ఒక్క గీత, అది కూడా కింది అంకె కనబడేట్టు. పక్కన సరైన అంకె, దాని పక్కన పొడి సంతకం. తప్పు చేసినవాడెవడో కాగితమే చెప్పాలి. చేరిన రెండో వారంలో ఒక షీట్ మీద రబ్బరు వాడాను. మా ముదీర్, అంటే పై అధికారి, దాన్ని షెడ్డు మధ్యలో పైకెత్తి పట్టుకుని, "ఇస్కో కిస్‌నే ఘిసా?" అని, దీన్ని రుద్దిందెవడని అందరి ముందూ అడిగాడు. ఆ రోజు నుంచి నా జేబులో రబ్బరు లేదు.

మా ఆవిడ ఇక్కడే ఒక ఆసుపత్రిలో నర్సు. నెల్లూరులో మూడేళ్ళ డిప్లొమా చేసి వచ్చింది. ఆమె రాసే కాగితం రోగి మంచం దగ్గర వేలాడుతుంటుంది. మందు మోతాదు తప్పు రాస్తే రుద్దకూడదు, తెల్లరంగు పూయకూడదు. ఒక్క గీత, పక్కన పొడి సంతకం. పెళ్ళయిన కొత్తలో ఇద్దరి కొలువుల్లోనూ ఒకే చట్టం నడుస్తోందని తెలిసి పొట్ట పట్టుకుని నవ్వుకున్నాం. సరుకుల చీటీలో కందిపప్పు కొట్టేసి పెసరపప్పు అని రాసినా ఆమె పక్కన సంతకం పెట్టేది. ఆ చీటీ పట్టుకుని బఖాలాకు పోతే కొట్టువాడు అదేదో మూడో సరుకు అనుకుని వెతికేవాడు.

కరోనా ఏడాది ఆమె పొద్దున పోతే సాయంత్రానికి మాస్కు తాడు చెంపల మీద అచ్చుపడి వచ్చేది. రోజంతా జనం ముక్కుల్లోంచి నమూనాలు తీయడమే పని. ఆ రోజుల్లోనే డిప్లొమా నర్సులకు ఇక్కడి ఒక యూనివర్సిటీ రెండేళ్ళ డిగ్రీ ఇస్తుందని ఆమెకు తెలిసింది. ఒక షరతు. ఇంగ్లీషు పరీక్ష రాసి వినడం, చదవడం, రాయడం, మాట్లాడడం అన్నిట్లోనూ తొమ్మిదికి కనీసం ఆరు తెచ్చుకోవాలి. ఆమె చాలా కోరికలు కోరే మనిషి కాదు. బంగారం అడగలేదు, పెద్ద ఇల్లు అడగలేదు. ఈ డిగ్రీ మాత్రం కావాలంది. "నేను చేసే పనే ఆ డిగ్రీ నర్సులూ చేస్తుండారు. వాళ్ళ పేరు పక్కన డిగ్రీ ఉంది, నాకు లేదు. అంతే గదండీ తేడా" అంది. ఆ మాటలో కోపం లేదు. అందుకే నాకు ఎక్కువ కోపం వచ్చింది.

మా ఇంట్లో ఫారాలు నింపే శాఖ నాది. అడగకుండానే పంతులు ఉద్యోగం కూడా నేనే వేసుకున్నాను. అప్పట్లో ఆ పరీక్ష పూర్తిగా కాగితం మీదే. కాగితమంటే నాకు తెలియనిదేముంది? ఆమె చేతిరాతకు వరుసకు తొమ్మిది మాటలు పడతాయని లెక్కపెట్టాను. రెండొందల యాభై మాటల వ్యాసానికి ఇరవై ఎనిమిది వరుసలు నింపితే చాలు, మాటలు లెక్కపెట్టుకుంటూ కూర్చోనక్కర్లేదు. ఈ ఉపాయం కనిపెట్టినందుకు నన్ను నేను వారం రోజులు మెచ్చుకున్నాను. ఇంకోటి కూడా గట్టిగా చెప్పాను. రుద్దుతూ కూర్చుంటే టైం పోతుంది, కాగితం నల్లబడుతుంది, తప్పు పడితే ఒక్క గీత కొట్టి ముందుకు పో అన్నాను. ఆమె బుద్ధిగా తలూపింది.

రెండుసార్లు వాయిదా పడి చివరికి పరీక్ష జరిగింది. షార్జాలో ఒక పెద్ద హాలు, బెంచీకి బెంచీకి మధ్య మంచం పట్టేంత దూరం, అందరికీ మాస్కులు. బయటికి వచ్చాక కారులో కూర్చుని ఆమె నెమ్మదిగా చెప్పింది. మధ్యలో ఒక పర్యవేక్షకురాలు వచ్చి వంగి, "మేడం, సంతకాలు వద్దు, రబ్బరు వాడండి" అందట. ఈమె సరేనందట. మళ్ళీ తప్పు పడగానే చెయ్యి మళ్ళీ గీత కొట్టి, మళ్ళీ సంతకం పెట్టేసిందట.

"సంతకాలా!" అన్నాను.

"నేను పెట్టలే. చెయ్యి పెట్టింది" అంది.

వినే భాగంలో ఒక్కో జవాబుకు ఇచ్చే చోటు ఒక సన్నని వరుస. అందులో కొట్టేసిన మాట ఒకటి, పైన సరైన మాట ఒకటి, పక్కన ఆమె పొడి అక్షరాలు. దిద్దేవాళ్ళు ఏది జవాబనుకున్నారో దేవుడికే తెలియాలి. పెన్సిల్ డబ్బా తెరిచి చూశాను. కొత్త రబ్బరు కొత్తగానే ఉంది, నాలుగు మూలలూ పదునుగా. రాతలో ఐదున్నర, వినడంలో ఐదున్నర వచ్చాయి. ఎందుకు తగ్గాయో ఆ పరీక్షవాళ్ళు చెప్పరు. మేమిద్దరం మాత్రం ఆ రబ్బరు వంక చూశాం. ఆమె దాన్ని సూదీదారం పెట్టె ఉన్న సొరుగులో పడేసింది. ఆ ఏడాది సీటు పోయింది.

మూడేళ్ళు ఆ సొరుగును ఎవరూ కదిలించలేదు.

పోయినేడాది ఒక సాయంత్రం గోరుచిక్కుళ్ళు తుంచుతూ, "ఈసారి రాస్తా" అంది. తరగతులకు పోయేవాళ్ళకు డ్యూటీలు సర్దుతామని ఆసుపత్రివాళ్ళు ఒప్పుకున్నారు, కాకపోతే ఈ ఒక్క బ్యాచ్‌కే. ఇది దాటితే ఇక లేదు. ఆమెకు నలభై దగ్గర పడుతోంది. నాకు ఉత్సాహం ముంచుకొచ్చింది. ఈసారి రబ్బరు వాడించి తీరతానని పరీక్ష కేంద్రానికి ఫోన్ చేశాను. కాగితం పరీక్ష ఎత్తేశామన్నారు. నమ్మబుద్ధి కాక సెలవు పెట్టి స్వయంగా వెళ్ళాను.

కౌంటర్‌లో ఉన్న ఫిలిపినో అమ్మాయి, "పేపర్ ఖలాస్ సర్. ఓన్లీ కంప్యూటర్" అంది. మాట్లాడే పరీక్ష కూడా ఎదురుగా మనిషి ఉండరట, తెర మీద ఏదో దూరదేశం నుంచి మాట్లాడతారట. మీరు పెడుతున్నది ఇంగ్లీషు పరీక్షా, టైపు పరీక్షా అని గొంతు పెంచి అడిగాను. ఆ అమ్మాయి నొచ్చుకోలేదు. ఒక చల్లటి నీళ్ళ సీసా తెచ్చి నా ముందు పెట్టింది. అది తాగాక అరవడానికి మొహం చెల్లలేదు.

ఇంటికొచ్చి జరిగిన అన్యాయమంతా ఏకరువు పెట్టాను. ఇరవై ఎనిమిది వరుసల లెక్క బూడిదలో పోసిన పన్నీరైందని బాధపడ్డాను. ఆమె అంతా విని ఒకటే ప్రశ్న అడిగింది.

"కంప్యూటర్‌లో చెరిపితే మరక పడదు గదా?"

"పడదు. అసలు చెరిపినట్టే తెలీదు."

"అయితే మేలే" అంది.

ఆసుపత్రి కంప్యూటర్ మీద ఆమె అప్పటివరకూ ఒంటివేలితో గళ్ళు నొక్కడం తప్ప చేసిందేమీ లేదు. మా రేవు ఆఫీసులో పారేయడానికి అట్టపెట్టెలో పడేసిన ఒక కీబోర్డును అడిగి తెచ్చాను. వాడి వాడి సగం అక్షరాలు అరిగిపోయి మీటలు బోడిగా ఉన్నాయి. కలిపేందుకు మా ఇంట్లో కంప్యూటర్ కూడా లేదు. దాన్ని చూసి నవ్వుతుందనుకున్నాను. వంటింటి గట్టు తుడిచి, దాని మీద పెట్టుకుని, ఫోన్‌లో పాఠం చూస్తూ మొదలుపెట్టింది. కుక్కర్ మూడు కూతలు పెట్టేలోపు ఒక వరుస. చారు మరిగేలోపు ఇంకో వరుస. తెర లేదు, ఏం పడుతోందో కనబడదు. పెదవులు మాత్రం కదిలేవి. డ్యూటీ నుంచి వచ్చి బట్టలు మార్చుకోకముందే నాలుగు నిమిషాలు టకటకలాడించి, తర్వాత కాళ్ళు కడుక్కునేది.

నేను హాల్లో కూర్చుని ఆ చప్పుడు వినేవాణ్ణి. మొదటి వారం అది తడుముకుంటూ, ఆగి ఆగి వచ్చేది. ఐదో వారానికి చినుకుల్లా పడేది. ఒకరోజు మా పక్క ఫ్లాట్ మలయాళీ వాళ్ళ లాప్‌టాప్ అడిగి తెచ్చి, ఆ బోడి కీబోర్డు దానికి తగిలించాను. ఆమె మీటల వంక చూడకుండా, నా మొహం వంక చూస్తూ, నేను చెప్పిన వాక్యం మొత్తం కొట్టింది. ఒక్క అక్షరం తప్పు పోలేదు. పెళ్ళయిన పద్నాలుగేళ్ళలో ఈమె గురించి నాకంతా తెలుసనుకున్నాను. నా ఎదురుగా కూర్చున్న మనిషి ఇంత దూరం ఎప్పుడు నడిచిందో నాకు తెలియనే లేదు.

ఇక నా ఘనకార్యం చెబుతాను. పరీక్ష తేదీ బుక్ చేసేటప్పుడు ఫారం నా ఫోన్‌లో నేనే నింపాను. అందులో ఒక కొత్త ప్రశ్న కనబడింది. పరీక్ష అంతా కంప్యూటర్ మీదే, కానీ రాత భాగం మాత్రం కావాలంటే చేత్తో కాగితం మీద రాయవచ్చట. ఇది ఈమధ్యే పెట్టారు. చూడగానే నాకు పోయిన ఆస్తి తిరిగొచ్చినంత సంబరమైంది. నా కాగితం! నా ఇరవై ఎనిమిది వరుసలు! ఆమెను ఒక్క మాట అడగకుండా "కాగితం" అన్న చోట టిక్కు పెట్టేశాను. పరీక్ష రోజు పొద్దున చెప్పి ఆశ్చర్యపరుద్దామని నోరు మూసుకున్నాను. కీబోర్డు మీద ఆమె పడుతున్న అవస్థ ఆ రోజుతో తీరిపోతుందనుకున్నాను. దాన్ని అవస్థ అనుకున్నది నేనొక్కణ్ణేనని తర్వాత తెలిసింది.

వారం తిరక్కుండానే తెలిసింది. లాప్‌టాప్ మళ్ళీ తెచ్చుకుని ఆమె ఒక వ్యాసం రాస్తోంది. ఊరికి ఆసుపత్రి ముందా, ఆటస్థలం ముందా అన్నది విషయం. నాలుగు పేరాలు రాసింది. కాసేపు వాటి వంక చూస్తూ కూర్చుంది. తర్వాత ఆఖరి పేరాను అమాంతం ఎత్తి మొదట్లో పెట్టింది. మధ్యలోంచి మూడు వాక్యాలు ఒక్క మీట నొక్కి తీసేసింది. అవి ఉన్న చోట తెల్లగా, శుభ్రంగా ఉంది.

"అయ్యో, అవి ఏమయినాయి?" అన్నాను.

"బాలేవు. తీసేశా."

"రాసినట్టు గుర్తన్నా ఉండొద్దా?"

ఆమె నా వైపు తిరిగింది. "ఇరవై ఏళ్ళ నించి తప్పు పడిన చోటల్లా నా పేరు రాసుకుంటా ఉండా. ఒక్కసారన్నా పేరు లేకుండా తప్పు చేయనీండి" అంది.

వ్యాసం మొదటి నుంచి చదివాను. ఆటస్థలం సంగతి ముందు వచ్చి, ఆసుపత్రి సంగతి దాని వెనకాల నడిచి, ఆఖరికి రెండూ ఒకటే అనిపించేట్టు చేసింది. నేను ఇన్నేళ్ళుగా లెక్కపెట్టినవాణ్ణే తప్ప, లెక్కపెట్టినదాన్ని మార్చవచ్చని ఎప్పుడూ అనుకోలేదు. దించిన పెట్టె దించినట్టే. ఈమె తన మాటల్ని ఎత్తి, సర్ది, వద్దనుకున్నవాటిని వదిలేస్తోంది. నాకు ఆ క్షణం ఆమె ముందు నిలబడాలంటే కాస్త భయం, బోలెడంత గౌరవం కలిగాయి. వెంటనే ఫారంలో నేను పెట్టిన టిక్కు గుర్తొచ్చింది.

మర్నాడు షెడ్డు వెనకాల నిలబడి కేంద్రానికి ఫోన్ చేశాను. అదే అమ్మాయి గొంతు. మార్చుకునే గడువు అంతకుముందు రోజే అయిపోయిందట. బతిమాలాను. "సారీ సర్, ఖలాస్" అంది. ఆ తర్వాత మా ఆవిడకు చెబుదామని ఎన్నిసార్లు నోరు తెరిచానో! తెరిచిన ప్రతిసారీ వంటింట్లోంచి టకటక వినబడేది, మూసేసేవాణ్ణి. ఇంత పిరికివాణ్ణని నాకు అంతకుముందు తెలియదు.

పరీక్ష రోజు తెల్లవారగానే బయల్దేరాం. వచ్చేముందు సొరుగు తెరిచి ఆ పాత కొత్త రబ్బరు జేబులో వేసుకున్నాను. షార్జా దారిలో కొండల కింద పెద్ద సొరంగం వస్తుంది. దాని నోట్లోకి కారు పోతుండగా, ఆమె మొహం కనబడకుండా ఉంటుందని, చెప్పేశాను. ఫారం, టిక్కు, ఫోన్, గడువు, అన్నీ. సొరంగంలో దీపాలు ఒక్కొక్కటే మీదుగా పోతున్నాయి. ఆమె తిట్టినా బాగుండేది. అది ఎంత పొడుగు సొరంగమో నాకు ఆ రోజే తెలిసింది. వెలుతురులోకి వచ్చాక చాలాసేపటికి అడిగింది.

"రబ్బరుందా?"

జేబులోంచి తీసిచ్చాను. దాని చుట్టూ ఉన్న అట్ట తొడుగు విప్పి, మూలలు వేలితో తడుముతూ పరీక్ష కేంద్రం దాకా అట్లాగే కూర్చుంది. గేటు దగ్గర కాపలా మనిషి ఆ రబ్బరును అటూ ఇటూ తిప్పి చూసి, లోపలికి తీసుకుపోనిచ్చాడు.

నేను కారు నీడలో పెట్టుకుని కూర్చున్నాను. తెచ్చుకున్న ఉప్మా డబ్బా తెరవలేదు. ఈ సీటు పోతే అది పరీక్ష వల్ల కాదు, కంప్యూటర్ వల్ల కాదు, నా వేలి వల్ల. ఈ మాట ఎన్నిసార్లు అనుకున్నానో లెక్క లేదు. లెక్కలు కట్టడమే కొలువుగా బతికేవాడికి ఆ ఒక్క లెక్కా దొరకలేదు.

మధ్యాహ్నానికి ఆమె వచ్చి కారెక్కింది. గుప్పిట విప్పి రబ్బరు నా చేతిలో పెట్టింది. సగం కూడా లేదు. మూలలన్నీ పోయి గుండ్రంగా, నల్లగా, ఇంకా కొంచెం వెచ్చగా ఉంది.

"ముందు వ్యాసం మధ్యది రాసుకున్నా. మొదటికి పది వరుసలు ఖాళీ వదిలి, దాన్ని ఆఖర్న రాశా. నచ్చనిదంతా రుద్ది పారేశా" అంది. "పెన్సిల్ మెత్తగా పట్టుకుని రాస్తే మరక పడదండీ. మనకెవరూ చెప్పలే."

"సంతకం?" అన్నాను.

"ఒకసారి చెయ్యి పోయింది. దాన్నీ రుద్దేశా."

తెర మీద నేర్చుకున్నదాన్ని ఆమె ఆ గంటలో కాగితం మీదికి దించుకుంది. ఎవరూ నేర్పలేదు, ముందు చెప్పలేదు, సన్నాహం లేదు. సొరంగం దాటాక మిగిలిన దారిలో రబ్బరు మూలలు తడుముతూ కూర్చుని అదంతా ఆలోచించుకుందన్నమాట. నేను ఆ నల్లటి ముక్కను అరచేతిలో పెట్టుకుని ఎంతసేపు చూశానో! కారు స్టార్ట్ చేయమని ఆమె రెండుసార్లు చెప్పాల్సి వచ్చింది.

ఫలితం నా ఫోన్‌కే వచ్చింది, ఫారాల శాఖ నాదే కాబట్టి. షెడ్డులో టైల్స్ పెట్టెలు దించుతున్నారు. చదవడం ఆరు, వినడం ఆరున్నర, మాట్లాడడం ఏడు. రాత దగ్గరికి రావడానికి నాకు ధైర్యం చాల్లేదు. కళ్ళు గట్టిగా మూసి తెరిచాను. ఆరున్నర. నేను చెయ్యెత్తి "రుకో, రుకో" అని అరిస్తే కూలీలు పెట్టె నా కాలి మీద పడిందనుకుని పరిగెత్తుకొచ్చారు. ఆ తర్వాత షీట్‌లో నేను వేసిన అంకె తప్పు. ఒక్క గీత కొట్టి, సంతకం పెట్టాను. సంతోషంతో చేసిన తప్పు అదొక్కటే నా కొలువులో.

ఇంటికి వెళ్ళేసరికి ఆమె డ్యూటీ నుంచి వచ్చి ఉంది. ఫోన్‌లో అప్పటికే చెప్పాను, అయినా మళ్ళీ చదవమంది. చదివాను. ఇంకోసారి చదవమంది. చదివాను. అప్పుడు కళ్ళు తుడుచుకుని, లేచి, సూదీదారం సొరుగులోంచి ఒక కాగితం తీసి నా ముందు పెట్టింది. పరీక్షకు పట్టుకెళ్ళిన బుకింగ్ కాగితం అది. అందులో రాత భాగానికి ఎదురుగా "కాగితం" అన్న మాట మీద పెన్‌తో ఒక్క గీత కొట్టి ఉంది, కింది మాట కనబడేట్టు. పైన ఆమె చేతిరాతలో "కంప్యూటర్" అని ఉంది. పక్కన చోటు ఖాళీగా ఉంది.

"ఎప్పుడు కొట్టావు ఇది?"

"పరీక్షనుంచి వచ్చిన రోజే. పెట్టండి సంతకం."

పెన్ తీసుకున్నాను. పెట్టబోయి ఆగి అడిగాను. "ఒకవేళ రాకపోయుంటేనో?"

"రాకపోయుంటే చించి పారేసేదాన్ని. మీరు చూసేవాళ్ళే కాదు" అంది.

పరీక్షకూ ఫలితానికీ మధ్య ఆ రెండు వారాలూ ఆమె నాకు అన్నం పెట్టింది, టీ ఇచ్చింది, ఒక్క మాట అనలేదు. గీత పక్కన నా పొడి సంతకం పెట్టాను. రెండక్షరాలూ వంకరగా పడ్డాయి. చెరపలేదు.